హెర్బీ హాన్‌కాక్ ‘టేకిన్ ఆఫ్’: వెనక వాయించడం వచ్చినవాడి తొలి రికార్డు

ఈ రికార్డు అట్ట మీద పేరు పియానో వాయించినవాడిది. పాటలు ఆరూ అతను కట్టినవే. అయినా మొదటి పాటలో అతని సోలో వినాలంటే ముందు ట్రంపెట్ వంతు అవ్వాలి, తర్వాత శాక్సోఫోన్ వంతు అవ్వాలి. అప్పటిదాకా అతను వెనక కూర్చుని కార్డ్స్ (కలిపి నొక్కే స్వరాల గుత్తులు) వేస్తూనే ఉంటాడు. 22 ఏళ్ల కుర్రాడు తన పేరుతో వస్తున్న మొట్టమొదటి రికార్డులో అంత నిబ్బరంగా ఎలా కూర్చోగలిగాడా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఈ ఆల్బమ్ మీద నాకు ప్రేమ పుట్టింది కూడా అక్కడే.

అమెరికన్ జాజ్ పియానిస్ట్ హెర్బీ హాన్‌కాక్ ‘టేకిన్ ఆఫ్’ గురించి చెప్తున్నాను. 1962 మే 28న న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో, రికార్డింగ్ ఇంజినీర్ రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో ఒక్క రోజులో రికార్డ్ చేశారు. అదే ఏడాది బ్లూ నోట్ అనే జాజ్ రికార్డుల కంపెనీ విడుదల చేసింది. ట్రంపెట్ ఫ్రెడీ హబ్బర్డ్, టెనర్ శాక్సోఫోన్ డెక్స్‌టర్ గోర్డన్, బేస్ బుచ్ వారెన్, డ్రమ్స్ బిల్లీ హిగ్గిన్స్. మొత్తం కలిపి 40 నిమిషాల లోపే.

నేను రాజమండ్రి చుట్టుపక్కల పెళ్లిళ్లకీ తిరునాళ్లకీ వెళ్లే ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. సాయంత్రాలు పిల్లలకి నేర్పుతాను. మా పనిలో సగం వెనక ఉండటమే. సింగర్ ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కనిపెట్టి, ఆ సందులో ఒక చిన్న బిట్ వేసి, మళ్లీ పల్లవి ఎత్తుకునేసరికి పక్కకి తప్పుకోవాలి. ఎక్కువ వేస్తే పాట మునిగిపోతుంది, తక్కువ వేస్తే బోసిపోతుంది. ఆ పని చేసేవాళ్ల చెవితో విన్నాను కాబట్టి, ఈ ఆల్బమ్ గురించి నాకు చెప్పాలనిపించేదీ అదే. మామూలుగా పియానో ఆల్బమ్ అంటే సోలోల కోసం వింటాం. దీన్ని మాత్రం ఒకసారైనా, వేరేవాళ్లు సోలో వాయిస్తున్నప్పుడు పియానో ఏం చేస్తోందో చెవిపెట్టి వినండి.

మొదటి పాట ‘వాటర్‌మెలన్ మ్యాన్’తోనే మొదలుపెడదాం. పియానో, బేస్, డ్రమ్స్ కలిసి ఒక చిన్న ముక్కని తిప్పి తిప్పి వాయిస్తాయి. ఆ ముక్కలో చర్చి పాటల వాసన ఉంది, కాలు ఊపించే గుణం ఉంది. దాని మీద ట్రంపెట్, శాక్సోఫోన్ కలిసి బాణీ ఎత్తుకుంటాయి. బాణీ ఎంత సులువంటే, మా దగ్గర నేర్చుకునే పిల్లలు రెండోసారికే కూనిరాగం తీస్తారు. కానీ లోపల కట్టుబడి మాత్రం అంత మామూలుది కాదు. బ్లూస్ (అమెరికా నల్లజాతి వాళ్ల పాట పద్ధతి) సాధారణంగా 12 బార్ల ఆవర్తనం, బార్ అంటే నాలుగు దెబ్బల గడి. ఈ పాట శ్రుతిలో చెప్పాలంటే, ఎఫ్ కార్డ్‌లో మొదలై, బీ ఫ్లాట్‌కి వెళ్లి వచ్చి, చివరి నాలుగు బార్లలో సీ సెవెన్, బీ ఫ్లాట్ సెవెన్ అనే కార్డ్స్ మీదుగా తన ఇల్లయిన ఎఫ్‌కి చేరుతుంది. హెర్బీ ఆ సీ సెవెన్ నుంచి బీ ఫ్లాట్ సెవెన్‌కి దిగే మెట్టుని ఒకసారితో వదల్లేదు. మూడుసార్లు తిప్పాడు. అలా 12 బార్లు 16 అయ్యాయి. ఇప్పుడో ఇప్పుడో ఎఫ్‌కి వచ్చేస్తుందని చెవి ఎదురుచూస్తూ ఉంటుంది, అది రాదు. ఆఖరికి బ్యాండ్ మొత్తం చటుక్కున ఆగి, ఆ ఖాళీలోంచి బాణీ దూకి ఎఫ్ మీద పడుతుంది. ఆ రావడంలో ఉన్న సుఖం కోసమే జనం ఈ పాటని మళ్లీ పెట్టుకుంటారని నా గట్టి నమ్మకం.

కీబోర్డు ఉన్నవాళ్లు ఇది చేసి చూడండి. ఎడమచేత్తో మూడే కార్డ్స్: ఎఫ్ సెవెన్, బీ ఫ్లాట్ సెవెన్, సీ సెవెన్. వేళ్లకి కష్టమేమీ లేదు. కానీ ఆ ముక్క పడాల్సిన చోట పడాలంటే, వెంట్రుకవాసి తేడా లేకుండా అదే ఊపు పాట పొడుగునా నిలవాలంటే, అప్పుడు తెలుస్తుంది. రిథమ్ బాక్స్ ఆన్ చేసుకుని వాయించడం అలవాటైన మాలాంటివాళ్లకి ఇది పెద్ద పరీక్ష.

ఇక సోలోలు. హబ్బర్డ్ ముందు వస్తాడు. అతనికప్పుడు 24. ట్రంపెట్‌లో ఎండ కాసినట్టు ఉంటుంది. హెర్బీ అతని వెనక మొదటి ముక్కని పూర్తిగా వదిలెయ్యడు, అలాగని అచ్చం అదే వాయించడు. ఒక అంచు కోస్తాడు, ఒక దెబ్బ ముందుకి జరుపుతాడు, హబ్బర్డ్ పైకి వెళ్లినప్పుడు కింద కాస్త గట్టిగా నొక్కుతాడు. తర్వాత డెక్స్‌టర్ గోర్డన్ వస్తాడు. అతను తాళానికి కొంచెం వెనకగా, తొందరేమీ లేనట్టు వాయించే మనిషి. అలాంటివాడి వెనక కార్డ్స్ వేసేవాడు కంగారుపడి ముందుకి లాగితే పాట రెండుగా చీలిపోతుంది. హెర్బీ లాగడు, ఆగడు. తాళం ఎక్కడుందో అక్కడే పెట్టి, డెక్స్‌టర్‌ని అతని ఇష్టానికి వదిలేస్తాడు. తన వంతు వచ్చినప్పుడు కూడా వేళ్ల వేగం చూపించాలని పోడు. కుడిచేత్తో చిన్న చిన్న బ్లూస్ పలుకులు, ఒకే మాట రెండు మూడు రకాలుగా చెప్పినట్టు. పదకొండేళ్ల వయసులో చికాగో సింఫనీ ఆర్కెస్ట్రాతో మోజార్ట్ పియానో కన్సర్టో వాయించినవాడండీ ఇతను. చేతిలో ఎంత ఉందో వేరే చెప్పక్కర్లేదు. ఉన్నదంతా మొదటి పాటలోనే బయటపెట్టాలనిపించకపోవడం ఆ వయసులో ఎంతమందికి వస్తుంది?

పాట పుట్టిన తీరు కూడా తెలుసుకోవాలి. చికాగోలో హెర్బీ పెరిగిన వాడలో పుచ్చకాయలు అమ్మే బండి వచ్చేది. రాళ్లు పరిచిన సందుల్లో ఆ బండి చక్రాల చప్పుడు పాటలో లయ అయింది. ఆడవాళ్లు కిటికీల్లోంచి, వాకిళ్లలోంచి అమ్మేవాణ్ని పిలిచే పిలుపు బాణీ అయింది. అయితే ఆ పేరు పెట్టడానికి అతను చాలా తటపటాయించాడు. అమెరికాలో నల్లజాతి వాళ్లని వెక్కిరించడానికి తెల్లవాళ్లు పుచ్చకాయ బొమ్మలు గీసేవారు. ఆ మచ్చ ఉన్న మాటని పాట పేరుగా పెట్టుకోవడమా? చివరికి తన వాడలోని మనిషి గురించి తను సిగ్గుపడటం ఏమిటనుకుని అదే పేరు ఉంచాడు. ఈ సంగతి తెలిసాక పాట ఇంకోలా వినిపించింది నాకు. అందులోని హుషారు ఉత్తి హుషారు కాదు, అందులో తల ఎత్తుకోవడం ఉంది.

అసలు ఇతను న్యూయార్క్ చేరిందే ఒక బదులు పనితో. అయోవాలోని గ్రిన్నెల్ కాలేజీలో ఇంజినీరింగ్ చదువుదామని చేరి, మధ్యలో సంగీతానికి మారాడు. (మన ఇళ్లలో ఇంజినీరింగ్ మధ్యలో వదలడమంటే ఏమిటో నేను చెప్పాలా!) తర్వాత చికాగోలో ఉత్తరాలు పంచే ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు వాయించేవాడు. ట్రంపెట్ వాయించే డొనాల్డ్ బర్డ్ బ్యాండుకి రావాల్సిన పియానిస్ట్ మంచు తుఫానులో చిక్కుకుపోతే, ఆ చోట ఇతన్ని కూర్చోబెట్టారు. బర్డ్‌కి ఎంత నచ్చిందంటే, న్యూయార్క్ తీసుకెళ్లి బ్రాంక్స్‌లోని తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. ఆర్కెస్ట్రాలో ఉన్నవాళ్లందరికీ తెలుసు, ఎవరికో జ్వరం వచ్చిందని సాయంత్రం నాలుగింటికి ఫోన్ వస్తే వెళ్లి కూర్చునే రాత్రే ఒక్కోసారి జీవితం మార్చేస్తుంది.

ఆ బర్డే ఇతన్ని సొంత రికార్డు చెయ్యమని తొందరపెట్టాడు. బ్లూ నోట్ యజమాని ఆల్ఫ్రెడ్ లయన్ దగ్గరికి ఎలా వెళ్లాలో, ఏం అడగాలో కూడా నేర్పాడు. అన్నిటికన్నా ముఖ్యంగా ఒక మాట చెప్పాడు: పాటల హక్కులు మాత్రం ఇచ్చెయ్యకు. లయన్ హక్కులు తమ పబ్లిషింగ్ సంస్థకి కావాలన్నప్పుడు, నా పాటలు నా సొంత సంస్థలో ఉన్నాయి, ఇవ్వలేను అన్నాడు హెర్బీ. ఇక రికార్డు లేదనుకుని తలుపు వైపు నడిచాడు కూడా. లయన్ వెనక్కి పిలిచి ఒప్పుకున్నాడు. 22 ఏళ్లకి, చేతిలో డబ్బులేని రోజుల్లో, తొలి అవకాశం ఎదురుగా పెట్టుకుని ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలి! మన దేశంలో పాట కట్టినవాళ్లకి, రాసినవాళ్లకి రాయల్టీలో వాటా వదులుకోనక్కర్లేని హక్కు చట్టంలోకి వచ్చింది 2012 సవరణతో. దానికి 50 ఏళ్ల ముందు సంగతి ఇది.

ఆ ధైర్యం విలువ ఎంతో తొందరలోనే తెలిసింది. క్యూబా నుంచి వచ్చిన కాంగా (చేతులతో వాయించే పొడుగు డ్రమ్) వాద్యకారుడు మోంగో సాంటమరియా బ్యాండులో హెర్బీ కొన్ని రోజులు, మళ్లీ బదులుగానే, వాయించాడు. ఒక రాత్రి బర్డ్ వచ్చి, ఆ ‘వాటర్‌మెలన్ మ్యాన్’ వాయించి చూపించు అన్నాడు. హెర్బీ మొదలుపెట్టాడు, మోంగో కాంగాతో అందుకున్నాడు, కూర్చున్న జనం లేచి ఆడటం మొదలుపెట్టారు. మోంగో దాన్ని రికార్డు చేస్తే 1963లో అమెరికా పాప్ చార్టులో పదో స్థానం దాకా వెళ్లింది. హక్కులు చేతిలో ఉన్నాయి కాబట్టి డబ్బు హెర్బీకి వచ్చింది. ఆ డబ్బుతో అతను ఏసీ కోబ్రా అనే స్పోర్ట్స్ కారు కొనుక్కున్నాడు. అదే ఏడాది పేరున్న జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బ్యాండులోకి పిలుపు వచ్చింది. 1973లో ‘హెడ్ హంటర్స్’ ఆల్బమ్‌లో ఈ పాటనే పూర్తిగా కొత్త నడకలో మళ్లీ చేశాడు. దాని మొదట్లో తాళవాద్యాలు వాయించే బిల్ సమ్మర్స్ బీరు సీసాలోకి ఊదుతూ తీసిన శబ్దం మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు.

ఈ ఒక్క పాట పేరు మిగతా అయిదింటినీ కప్పేసింది. అది వాటికి అన్యాయం.

నా మాట వింటే రికార్డు రెండో వైపు ఉన్న ‘డ్రిఫ్టిన్’ దగ్గర ఎక్కువసేపు ఆగండి. మధ్యస్తమైన వేగం, సాయంత్రం గోదావరి గట్టు మీద పనేమీ లేకుండా నడిచినట్టు ఉంటుంది. బాణీ మీద బ్లూస్ రంగు ఉంది కానీ కట్టుబడి బ్లూస్‌ది కాదు. ఏడు నిమిషాల పాట ఇది. బిల్లీ హిగ్గిన్స్ సింబల్ మీద వేసే ఆ మెత్తని లయ, దాని కింద బుచ్ వారెన్ బేస్ అడుగులు, మధ్యలో హెర్బీ కార్డ్స్, మూడూ ఒకదానికొకటి చోటిచ్చుకునే పద్ధతి మా పిల్లలకి పాఠంగా వినిపిస్తాను. హెర్బీ కొన్నిచోట్ల అసలేమీ వేయడు. రెండు మూడు దెబ్బల ఖాళీ వదిలి, సోలో వాయించేవాడు ఒక మాట పూర్తి చేశాక, దానికి అవునన్నట్టు ఒక్క కార్డ్ వేస్తాడు. ఆ ఒక్క కార్డ్ ఎప్పుడు వేయాలో తెలియడమే విద్య. మా ట్రూపులో పాతికేళ్ల అనుభవం ఉన్న పెద్దాయన ఒకరున్నారు, హార్మోనియం నుంచి కీబోర్డుకి వచ్చినవారు. ఆయనకి ఈ పాట వినిపిస్తే, “వీడు వింటున్నాడమ్మా” అన్నారు. అంతకన్నా పెద్ద మెప్పు నాకు తెలియదు.

‘అలోన్ అండ్ ఐ’ నెమ్మది పాట, ఆల్బమ్ చివర్లో ఉంది. ఇది డెక్స్‌టర్ గోర్డన్ పాట అనే అంటాను. అతనికప్పుడు 39. మిగతావాళ్లందరికన్నా పెద్ద. మాదకద్రవ్యాల కేసుల్లో జైలుకి వెళ్లి, 1950లలో చాలా భాగం పోగొట్టుకుని, మళ్లీ నిలదొక్కుకుంటున్న రోజులు. ఆ శాక్సోఫోన్ గొంతు విశాలంగా, బరువుగా ఉంటుంది. ప్రతి స్వరాన్నీ చివరిదాకా పట్టుకుని వదులుతాడు. 22 ఏళ్లవాడు కట్టిన బాణీకి 39 ఏళ్ల మనిషి అనుభవం వచ్చి చేరింది. హెర్బీ కింద కార్డ్స్ పరుస్తూ, ఎక్కడా అడ్డు రాకుండా ఉంటాడు. చాలా ఏళ్లకి, 1986లో, డెక్స్‌టర్ ముఖ్యపాత్ర వేసిన ‘రౌండ్ మిడ్‌నైట్’ సినిమాకి సంగీతం ఇచ్చింది హెర్బీయే. ఆ సంగీతానికి ఆస్కార్ వచ్చింది. డెక్స్‌టర్‌కి ఉత్తమ నటుడి నామినేషన్ వచ్చింది. వాళ్లిద్దరి మధ్య నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో వినాలంటే ఈ ఆరున్నర నిమిషాలు వినండి.

‘ద మేజ్’ కొంచెం ముళ్లదారి. వరస ఎటు మలుపు తిరుగుతుందో ముందే పట్టుకోలేం. మైల్స్ దగ్గర చేరాక హెర్బీ ఎటు వెళ్లబోతున్నాడో దాని జాడలు ఇందులో ఉన్నాయి. ‘ఎంప్టీ పాకెట్స్’ నికార్సైన బ్లూస్, హబ్బర్డ్ కోసం వినాలి. ‘త్రీ బ్యాగ్స్ ఫుల్’ మూడేసి లెక్కలో నడిచే పాట. ఈ ఆరింటిలో నా మనసుకి దూరంగా ఉండిపోయింది ఇదొక్కటే. నడక బాగుంది, సోలోలు బాగున్నాయి, బాణీ మాత్రం పాట అయ్యాక వెంట రాదు.

లోపాలు లేవని అనను. ఆరు పాటల అమరికా ఒకటే: బాణీ, వరసగా సోలోలు, మళ్లీ బాణీ. ఏకబిగిన వింటే నాలుగో పాటకి వచ్చేసరికి తర్వాత ఏం వస్తుందో తెలిసిపోతుంది. 1965లో వచ్చిన హెర్బీ ‘మెయిడెన్ వాయేజ్’లో ఆల్బమ్ మొత్తం ఒకే ఊహలా సాగుతుంది, ఆ పరిణతి ఇక్కడ లేదు. రెండోది పియానో నాదం. వాన్ గెల్డర్ ట్రంపెట్, శాక్సోఫోన్ రికార్డ్ చేస్తే మనిషి ఎదురుగా నిలబడి వాయిస్తున్నట్టే ఉంటుంది. పియానో మాత్రం కాస్త మూసిన గదిలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది, పై స్వరాల మెరుపు తగ్గుతుంది. ఆ స్టూడియోలో చేసిన చాలా రికార్డుల మీద ఈ మాట ఉంది. పియానిస్ట్ తొలి ఆల్బమ్ కాబట్టి ఇక్కడ ఇంకొంచెం బాధేస్తుంది.

అందుకే ఫోన్ స్పీకర్లో వినొద్దని బతిమాలుతున్నాను. బేస్ పూర్తిగా పోతుంది, పియానో ఎడమచెయ్యి సగం పోతుంది, మిగిలేది ట్రంపెట్, సింబల్ మాత్రమే. నేను ఇంత చెప్పిన వెనక వాయింపు అంతా ఆ పోయిన సగంలోనే ఉంది. మామూలు ఇయర్‌ఫోన్లయినా చాలు. మా ఆర్కెస్ట్రా మానిటర్ స్పీకర్లలో పెట్టి విన్నప్పుడు, బుచ్ వారెన్ వేళ్లు తీగ మీద జరగడం కూడా తెలిసింది.

తెలుగువాళ్లకి హెర్బీ కొత్త మనిషి అనుకోకండి. 2010లో అతను చేసిన ‘ది ఇమాజిన్ ప్రాజెక్ట్’ ఆల్బమ్‌లో ‘ది సాంగ్ గోస్ ఆన్’ అనే పాట ఉంది. అందులో అమెరికన్ గాయని చాకా ఖాన్‌తో పాటు పాడింది మన చిత్ర గారు. సితార్ అనౌష్కా శంకర్. తెలుగు సినిమాల్లో చిత్ర గారి పాటలకి వేదిక మీద కార్డ్స్ వేస్తూ బతుకుతున్నదాన్ని, ఆ గొంతు వెనక హెర్బీ ఉన్నాడని తెలిసిన రోజు నాకు పండగే. 70 ఏళ్ల వయసులో కూడా అతను ఆ గొంతులకి చోటు వదిలి వెనకే ఉన్నాడు.

కొనేవాళ్లు సీడీ దొరికితే తీసుకోండి. అందులో ‘వాటర్‌మెలన్ మ్యాన్’, ‘త్రీ బ్యాగ్స్ ఫుల్’, ‘ఎంప్టీ పాకెట్స్’ రెండో రూపాలు అదనంగా ఉన్నాయి. అదే రోజు, అదే మనుషులు, అదే పాట మళ్లీ వాయించారు. కీబోర్డు నేర్చుకునేవాళ్లకి ఆ జంట చాలా విలువైనది. ముందు అసలు ఆల్బమ్‌లో ఉన్నది, వెంటనే రెండోది పెట్టుకుని, హబ్బర్డ్ సోలో మొదలైన దగ్గర్నుంచి పియానో మాత్రమే వినండి. ఏ కార్డ్ రెండుసార్లూ ఒకే చోట పడింది, ఏది జరిగింది, ఏది అసలు వేయలేదు అని కాగితం మీద గుర్తు పెట్టుకోండి. మా పిల్లలకి ఈ వేసవిలో నేనిస్తున్న పని ఇదే.